సకర్మకమా, సంక్రమితమా?

సందేహం: సాఫ్ట్‌వేర్ లైబ్రరీలను, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధపు కోడును, విండోస్, లినక్స్, మ్యాక్‌లకు విడివిడిగా ప్యాకేజీలు కట్టడం మా పని. మా లైబ్రరీకి కావలసిన మరో లైబ్రరీ డిపెండెన్సీ; దానికి కావలసినది, మళ్లీ దానికి కావలసినది ట్రాన్సిటివ్ డిపెండెన్సీలు. వీటిని ఒకరు ‘సకర్మక ఆధారితాలు’ అని, ఇంకొకరు ‘పరోక్ష ఆధారాలు’ అని రాశారు. ఏది సాధువు?

సమాధానం: ‘సకర్మక’ చెల్లదు. కర్మను కోరే ధాతువు సకర్మకం. లైబ్రరీకి కర్మ ఎక్కడిది? ఈ ట్రాన్సిటివ్ వ్యాకరణంలోది కాదు, గణితంలోది. ‘అ’కు ‘ఆ’తో, ‘ఆ’కు ‘ఇ’తో ఉన్న సంబంధం ‘అ’కు ‘ఇ’తోనూ ఉంటే అది సంక్రమణ ధర్మమని మన గణిత పుస్తకాలు ఏనాడో చెప్పాయి. నిఘంటువులో మొదట కంటబడ్డ అర్థాన్ని తెచ్చి అతికించే తొందర ఇకనైనా తగ్గాలి.

‘ఆధారితం’ ఇంకా చిక్కు. నిలిపేది ఆధారం, నిలిచేది ఆధేయం. మీకు కావలసిన లైబ్రరీ ఆధారం, మీ లైబ్రరీ ఆధేయం. డిపెండెన్సీని ఆధారితం అంటే ఈ రెండూ తారుమారవుతాయి. ‘తారక’ మొదలైన మాటల పట్టిక (తారకాది గణం) ఇంతే అని ముగియని ఆకృతిగణం కనుక, ‘అది కలది’ అనే అర్థమిచ్చే ఇతచ్ ప్రత్యయంతో ‘ఆధారం కలది’ అని ఆ రూపాన్ని సమర్థించవచ్చు. అప్పుడూ అది మీ లైబ్రరీకే చెల్లుతుంది.

ఆధారం ఎంత లోతైన మాటో చూడండి. ‘ఆధారోఽధికరణమ్’ అన్నాడు పాణిని (1.4.45). క్రియ దేనిలో నిలుస్తుందో అది ఆధారం. అయితే ఎలా నిలుస్తుంది? ‘కర్తృకర్మద్వారా’ (కర్త ద్వారా గాని, కర్మ ద్వారా గాని) అని పాణిని సూత్రాలకు వ్యాఖ్య రాసిన భట్టోజీ దీక్షితుడు వివరించాడు. దేవదత్తుడు చాపమీద కూర్చుంటే చాప మోసేది దేవదత్తుణ్ణి; కూర్చోవడమనే క్రియను మోసేది అతని ద్వారా. ఒకదాని ద్వారా మరొకదాన్ని మోయడమనే మీ ట్రాన్సిటివ్ భావం ఆధారమన్న మాటలోనే ఇమిడి ఉంది!

శాస్త్రం ఆధారాన్ని మూడు రకాలుగా విభజించింది. చాపమీద మనిషి ఔపశ్లేషికం, అంటే పైపై కలయిక. నువ్వుల్లో నూనె అభివ్యాపకం, అంతటా వ్యాపించినది. మూడోది వైషయికం, మోక్షం మీది కోరిక వంటిది, దానితో మనకిక్కడ పని లేదు. ప్యాకేజీ కట్టేవారికి మొదటి రెండే ప్రాణం. లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీ (పలు ప్రోగ్రాములు పంచుకునేది) విడి ఫైలుగానే ఉండి, తనకు కావలసినవాటి పేర్లను తనలోనే రాసుకుంటుంది. ప్రోగ్రాం నడిచేవేళ లోడర్ అనే వ్యవస్థాభాగం వాటిని వెతికి తెస్తుంది. ఇది ఔపశ్లేషికం. స్టాటిక్‌గా లింకు చేస్తే, అంటే ప్రోగ్రాం తయారీవేళే జోడిస్తే, ఆ కోడు ప్రోగ్రాంలోనే కలిసిపోతుంది. లైబ్రరీలో తప్పు దిద్దినా ప్రోగ్రాంను మళ్లీ లింకు చేయక తప్పదు. ఇది అభివ్యాపకం. పైగా ఇలా జోడించే లైబ్రరీ ఫైలు, మామూలు స్టాటిక్ ఆర్కైవ్, తన ఆధారాల పేర్లు చెప్పదు. చివర లింకు చేసేవారే వాటన్నిటినీ అందించాలి. ‘పరోక్షం’ ఇక్కడ అక్షరాలా సరిపోతుంది: అక్షానికి, అంటే కంటికి, అవతలిది.

అయినా నా మొగ్గు ‘సంక్రమితాధారం’ వైపే. క్రమించడం అడుగు వేయడం. తెలుగులో ఆస్తీ సంక్రమిస్తుంది, రోగమూ సంక్రమిస్తుంది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు, దాన్ని నేరుగా కోరని ప్రోగ్రాములు ఎన్నో ప్రమాదంలో పడ్డాయి. వేరే లైబ్రరీలు దాన్ని వెంట తెచ్చాయి. మేలూ కీడూ రెండూ మోసే మాట ఇది.

‘సంక్రమితం’ బదులు ‘సంక్రాంతం’ కావాలి కదా అని వైయాకరణులు అడగవచ్చు. దానంతట అది దాటి వస్తే సంక్రాంతం. మరొకటి దాటించి తెస్తే, ప్రేరణార్థంలో, సంక్రమితం. ఆలంకారికుల ‘అర్థాంతరసంక్రమితవాచ్యం’ (మాట అసలు అర్థాన్ని మరో అర్థంలోకి దాటించిన ధ్వని) దీనికి సాక్షి. లైబ్రరీలను లైబ్రరీలే లాక్కొస్తాయి కనుక రెండోదే తగును.

కొత్తవారికి బోధించే పత్రమైతే ‘పరోక్షాధారం’ అన్నా ఆక్షేపించను. రెంటినీ ఒకే పత్రంలో కలపకండి.