నున్నటి బండల మీద పాము ముందుకు పోలేదా?

కాళ్లు లేని పాము అంత వేగంగా ఎలా పోతుంది, నున్నటి నేల మీద పాకలేదంటారు నిజమేనా అని అడిగారు. చాలావరకు నిజమే. నేను కళ్లారా చూశాను.

మాది తాడిపత్రి దగ్గర పల్లె. ఇంట్లో పాలిష్ పట్టిన నల్ల బండలు పరిచాం. నాలుగేళ్ల కిందట, వాన వెలిసిన ఒక పొద్దున, నడవలోకి ఆరడుగుల జెర్రిపోతు వచ్చింది. చేలో అయితే రెప్ప వేసేలోగా గట్టు దాటిపోయే పాము. ఇక్కడ ఒళ్లంతా మెలికలు తిరుగుతోంది, తోక బండను ఊడుస్తోంది, జానెడు కూడా ముందుకు పోకుండా ఉన్నచోటే కొట్టుకుంటోంది. "మీదికొస్తాంది" అని తమ్ముడు కట్టె అందుకున్నాడు. మా అవ్వ వాణ్ణి ఆపి, దూరం నుంచే గోనెపట్ట ఒకటి వాకిలి వైపు విసిరింది. పాము దాని మీదికి చేరిందో లేదో, నాలుగు మెలికల్లో గడప దాటేసింది.

గోనెలో ఉన్నదీ బండలో లేనిదీ పట్టు. పాము పొట్ట కింద అడ్డంగా వెడల్పాటి పొలుసులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అంచులు తోక వైపుకు. కుబుసం దొరికితే చూడండి (అది లోపలిది బయటికి తిరగబడి ఉంటుంది, మళ్లీ తిప్పాలి): తోక నుంచి తలకు గోరు రాస్తే అంచులు తగులుతాయి. అందుకే గరుకు నేల మీద పాము ముందుకు జారడం సులువు, పక్కకు జారడం కష్టం. ఎద్దులబండి చక్రం ముందుకు దొర్లుతుంది గానీ పక్కకు కదలదు కదా, అలాగే. ఒళ్లు వంచి పక్కలకు నేలను తోస్తే, పక్కకు జారే వీలు లేక ఆ తోపు ముందుకు మళ్లుతుంది. చేలో అయితే రాళ్లు, మొక్కల మొదళ్లు కూడా ఆనుకోవడానికి దొరుకుతాయి.

2009లో అమెరికాలో డేవిడ్ హూ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని కొలిచారు. గరుకు గుడ్డ మీద పక్కకు ఉండే ఘర్షణ ముందుకు ఉండేదానికి దాదాపు రెట్టింపు. నున్నటి నేల మీద ఆ తేడా పోయింది. పాముకు గుడ్డ తొడిగినా అంతే, ఉన్నచోటే జారింది. పాకేటప్పుడు ఒంటిలో కొన్ని వంపులను కొద్దిగా పైకెత్తి, బరువును తక్కిన చోట్ల మోపుతుందని కూడా వాళ్లు చూపించారు.

అన్ని పాములూ మెలికలతోనే పోవు. రక్తపింజరి లాంటి లావుపాటివి పొట్ట చర్మాన్ని కండరాలతో ముందుకు లాక్కుంటూ తిన్నగా కూడా పోగలవు. చిన్న పింజరి ఇసుకలో పక్కవాటుగా పోతూ, ఏటవాలు గీతలు విడివిడిగా వదులుతుంది.

కాబట్టి బండల మీద పాము కొట్టుకుంటుంటే అది మీ మీదికి రావడం కాదు, పట్టు దొరక్క అవస్థ పడటం. అయినా అవ్వలా గోనె వేయమని నేను చెప్పను. ఆమె అది విషం లేని జెర్రిపోతని గుర్తుపట్టింది కాబట్టి వేసింది. మీకు పోలిక తెలియకపోతే పిల్లల్ని బయటికి పంపి, దూరంగా నిలబడి పాము మీద ఒక కన్నేసి, పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేయండి.