డిటెక్టివ్ కంటే ముందు దస్తావేజు చూడండి

చనిపోయాడనుకున్న బంధువు ఏళ్ల తర్వాత తిరిగొచ్చాడు, అతనేనో కాదో తేల్చడానికి ప్రైవేట్ డిటెక్టివ్‌ని పెట్టుకోవాలా అని అడిగారు. వద్దు. ఆ డబ్బుతో మంచి సివిల్ లాయర్‌ని పట్టుకోండి. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో దస్తావేజులు రాసుకునే మనిషిని. ఈ భాగోతం మా ఇంట్లోనే నడిచింది కాబట్టి ధీమాగా చెప్తున్నాను.

మా పెద్ద మావయ్య సూరత్ పవర్‌లూమ్ పనికి వెళ్లాడు. గంజాం, గజపతి జిల్లాల నుంచి అక్కడికి వెళ్లేవాళ్లకి లెక్కే లేదు. మేస్త్రీ నోటిమాట మీద పని, చేతిలో చీటీ ముక్క కూడా ఉండదు. మనిషి కనబడకపోతే ఎవర్ని నిలదీయాలో తెలీదు. కొన్నాళ్లకి ఫోన్లు ఆగిపోయాయి. ఏళ్లు గడిచాక దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ కూడా ముగించారు. పొలం చిన్న మావయ్య సాగులోకి వెళ్లింది. తర్వాత ఒక సంక్రాంతి వెళ్లాక ఆయన గడ్డంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అత్త గొంతు వినగానే గుర్తుపట్టింది. తమ్ముడు మాత్రం గుర్తుపట్టలేదు. పొలం చేతిలో ఉంటే చూపు కాస్త మందగిస్తుంది లెండి.

విశాఖ నుంచి డిటెక్టివ్‌ని రప్పించింది ఆ తమ్ముడే. వచ్చినాయన విత్తనాల కంపెనీ మనిషినని చెప్పుకున్నాడు. కోతలైపోయిన పుష్యమాసంలో వరి విత్తనాలు కొనేదెవరు? టీ కొట్లో కూర్చుని, సగం టీ తాగి, ఫోన్లో ఫొటో చూపించి, "ఈయన్ని ఎప్పుడైనా చూశారా" అని ఏమీ ఎరగనట్టు అడిగాడు. కొట్టాయన గ్లాసులు కడుగుతూనే, "ఏటి బాబూ, మా సూరత్తు బాబు గురించేనా? తమ్ముడు పంపించినాడేటి?" అన్నాడు. సాయంత్రానికి పెద్ద మావయ్యే లాడ్జికి వెళ్లి, "నా గురించి వాకబు చేస్తున్నది మీరేనటగా, ఇంటికి రండి, భోంచేద్దురు గాని" అని పిలిచాడు. డిటెక్టివ్ వచ్చాడు. నెత్తళ్ల ఇగురు మారు కూడా వడ్డించుకున్నాడు. తర్వాత రిపోర్టులో మాత్రం "అనుమానం రాకుండా అతిగా మర్యాద చేస్తున్నాడు" అని రాశాడు! డబ్బులిచ్చినవాడికి కావలసింది అదే కదా.

పైగా ఇక్కడి పట్టా కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి. ఆ డిటెక్టివ్‌కి అక్షరం ముక్క రాదు. నేను అవతలి పక్షమని తెలిసీ నా దగ్గరికే తెచ్చి చదివించుకున్నాడు. అసలు మన దేశంలో డిటెక్టివ్‌లకి లైసెన్సు చట్టమే లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. బోర్డు కట్టినవాడల్లా డిటెక్టివే.

ఏడేళ్లు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టేనని చిన్న మావయ్య వాదన. పాత సాక్ష్య చట్టంలో 108, కొత్తదాంట్లో 111 సెక్షన్ చెప్పేది అలా భావించవచ్చని మాత్రమే. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఆ భావన నిలవదు. వచ్చినవాడు అతనేనా అన్నదే మిగిలే తగువు. భవాల్ సన్యాసి కేసు తెలుసుగా? 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడన్న భవాల్ జమీందారు 1920-21లో సన్యాసి వేషంలో ఢాకాలో తేలాడు. అతనే ఇతనని అప్పట్లో మన కేసులకి ఆఖరి కోర్టు అయిన లండన్ ప్రీవీ కౌన్సిల్లో ఖాయమయ్యేసరికి 1946 వచ్చింది.

మాకు అంతదూరం పోలేదు. సూరత్ వెళ్లకముందు పెద్ద మావయ్య కొన్న ఇంటిస్థలం దస్తావేజు అత్త ట్రంకుపెట్టెలో ఉంది. 2001 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఎ సెక్షన్ చేరినప్పటి నుంచి కొన్నవాళ్ల, అమ్మినవాళ్ల ఫొటోలు, వేలిముద్రలు దస్తావేజుకే ఉంటాయి. గడ్డం పెరుగుతుంది, జుట్టు రాలుతుంది, వేలిముద్ర మారదు. కోర్టు ద్వారా నిపుణుడికి పంపిద్దామని మా లాయరు నోటీసు ఇచ్చాక చిన్న మావయ్య కేసు ఊసెత్తలేదు. డిటెక్టివ్ మాత్రం మిగతా ఫీజు కోసం ఆయనకి ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. అగ్రిమెంటు రాసుకోలేదట ఇద్దరూ.

మీ ఇంట్లో అలాంటి దస్తావేజు లేకపోతే, అతని తల్లో తండ్రో బతికుంటే, కోర్టు ద్వారా డీఎన్ఏ పరీక్ష అడగండి.