నీరసానికి సెలైన్, అడిగినా ఇవ్వని కేస్ షీట్

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి. మండల కేంద్రంలో నాలుగేళ్లుగా ఒకే డాక్టరుగారికి చూపిస్తున్నాం. హస్తవాసి మంచిదని పేరు. కానీ రెండు నిమిషాల్లో పంపేస్తారు. నీరసం అంటే సెలైన్ పెట్టిస్తారు, మళ్లీ అవే మాత్రలు రాస్తారు. డాక్టరును మార్చాలా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ముందు నాలుగేళ్ల చీటీలూ తేదీల వరసలో పేర్చండి. ప్రతిదాని మీదా బీపీ అంకె, బరువు ఉన్నాయా? గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష మూడు నెలలకోసారి, షుగరు అదుపులో ఉంటే ఆరు నెలలకోసారి చేయించారా? ఏడాదికోసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రొటీన్), కంటి రెటీనా పరీక్షలు ఉండాలి. చెప్పులు విప్పించి పాదాలు చూసే డాక్టరు దొరికితే మాత్రం వదులుకోకండి.

బీపీ చూసే తీరూ గమనించండి. ఆటో దిగి, లైన్లో నిలబడి వచ్చిన మనిషికి కూర్చోగానే పట్టీ చుడితే ఆ అంకె పనికిరాదు. వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ లోపలి రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం వరకూ రావాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి మాత్ర పెంచితే ఇంటికెళ్లాక లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. దానికే నీరసమని పేరు పెట్టి సెలైన్ ఎక్కిస్తారు!

అరలీటరు నార్మల్ సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికే 5 గ్రాముల లోపు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అయితే అరలీటరులో 25 గ్రాముల చక్కెర. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతే సెలైన్ మందే. ‘బలానికి’ మాత్రం కాదు. నీరసం అన్నప్పుడు చూడాల్సినవి వేరు: కూర్చున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ, అప్పటికప్పుడు గ్లూకోమీటరుతో షుగరు, హిమోగ్లోబిన్, సోడియం. గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర వేసుకుని అన్నం ఆలస్యం చేస్తే షుగరు పడిపోతుంది, అదీ నీరసంగానే కనిపిస్తుంది.

మన కోనసీమ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు మొదలుపెట్టినా, మోతాదు పెంచినా ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు ఆ మాత్రలు వాడుతూ రోజూ బొండాం నీళ్లు తాగితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. ఈ మాట అడక్కుండానే చెప్పే డాక్టర్లు తక్కువ. మీరే అడగండి.

ఇవన్నీ సరిగ్గా జరుగుతుంటే రెండు నిమిషాలు పెద్ద లోపం కాదు. జరగకపోతే ‘ఏడాదికి చేయించాల్సిన పరీక్షలు ఒక కాగితం మీద రాసివ్వండి’ అని అడిగి చూడండి. విసుక్కుంటే మార్చండి. కొత్త డాక్టరు దగ్గరికి చీటీలతోపాటు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి.

ప్రశ్న: నాన్నగారిని ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచాం. కేస్ షీట్ నకలు అడిగితే ఇవ్వమంటున్నారు. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కూడా లేదు.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ‘ఇవ్వం’ అనడానికి వీల్లేదు. డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్లు భద్రపరచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. చీటీ, రసీదుల మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నదీ అందులోదే.

నోటితో అడిగితే లెక్కలోకి రాదు. నాన్నగారి సంతకంతో ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ వేసి రెండు ప్రతులు రాయండి. ‘కేస్ షీట్’ అని ఊరుకోకుండా నర్సుల చార్టు, మందుల చార్టు, ల్యాబు రిపోర్టులు అని విడివిడిగా పేర్కొనండి. లేకపోతే డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చేతిలో పెడతారు. ఒక ప్రతి మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపండి.

గడువు దాటితే డాక్టరు మీద ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు, ఆసుపత్రి మీద జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి రాయండి. నష్టపరిహారం కావాలంటే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీరు కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అయితే జబ్బు తగ్గకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. కేస్ షీట్‌ను మరో నిపుణుడికి చూపించాకే ఫిర్యాదు రాయండి.