విపత్తుల విషయంలో పంచాయతీ, మున్సిపాలిటీ ముందే చేయాల్సిన పని ఏమిటి?

"తుపానో వరదో వస్తే కలెక్టరు చూసుకుంటారు కదా, పంచాయతీకి పనేముంది?" అన్నది ప్రశ్న. చాలా ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయి సంస్థకు కలెక్టరు అధ్యక్షులైతే, జిల్లా పరిషత్ ఛైర్మన్ సహాధ్యక్షులు. 41వ సెక్షన్ స్థానిక సంస్థలకు విడిగా బాధ్యతలు పెట్టింది: సిబ్బందికి శిక్షణ, సామగ్రి సిద్ధంగా ఉంచడం, తమ పరిధిలోని కట్టడాలు నిబంధనల ప్రకారం ఉండేలా చూడటం.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఆ కట్టడాల సంగతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. గట్లకు గండ్లు పడ్డాయి, నిజమే. కానీ వాగు దారి ఇరుకైపోవడం, పల్లపు భూముల్లో కాలనీలు వెలవడం ఏళ్లుగా జరుగుతూ వచ్చింది. పడవలు, ఆహార పొట్లాలు ప్రాణాలు కాపాడతాయి కానీ ఆ ముప్పును తగ్గించలేవు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే రోజే దాన్ని ఆపాలి.

పల్లెల్లో ప్రణాళిక అంటే ముందు ఒక జాబితా. మంచాన పడ్డవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, ఒంటరి ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, వాళ్లను షెల్టర్‌కు ఎవరు చేరుస్తారు? 1977 దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తాలో తుపాను షెల్టర్లు కట్టారు. వాటి తాళం ఎవరి దగ్గరుంది, అక్కడ మంచినీళ్లు వస్తున్నాయా అన్నది అక్టోబరు రాకముందే చూసుకోవాలి.

డబ్బు సంగతంటారా, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారయ్యేటప్పుడే డ్రెయిన్ల పూడికతీత, షెల్టర్ మరమ్మతు అందులో చేర్చమని గ్రామసభలో అడగండి.