మెడలో కట్టింది బిళ్లా, కణితా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మాది గుంటూరు, అరండల్‌పేట. మా అమ్మ మెడ పక్కన బిళ్ల కట్టి రెండు నెలలైనా తగ్గకపోతే కొత్తపేటలో చూపించాం. ముక్క తీసి పరీక్షకు పంపితే రిపోర్టులో ‘గ్రాన్యులోమటస్ ఇన్‌ఫ్లమేషన్’ అని వచ్చింది. మా బాబాయి ఫోన్లో తెలుగు చేసుకుని ‘కణితి మంట’ అని పైకి చదివాడు. అమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి లేచిపోయింది. ఆ మాటను కణితి అనొచ్చా? అసలు తెలుగు ఏమిటి?

సమాధానం: అనకూడదమ్మా. ముందు ఆ సంగతి మీ అమ్మగారికి చెప్పి వచ్చి, తర్వాత మిగతాది చదవండి.

కణితి అంటే ఒకప్పుడు ఉత్త గడ్డే కావచ్చు. కానీ ‘మెదడులో కణితి’, ‘రొమ్ములో కణితి’ అని పేపర్లో చదివీ చదివీ ఇవాళ ఆ మాట వినగానే ఎవరికైనా క్యాన్సరే గుర్తొస్తుంది. నిఘంటువులో ఏముందన్నది సరే, మంచం మీద ఉన్న మనిషికి ఏం వినిపించిందన్నదే నాకు ముఖ్యం.

రిపోర్టులోని ‘గ్రాన్యులోమటస్’ అన్నది ‘గ్రాన్యులోమా’ నుంచి వచ్చిన మాట. ఈ పొరపాటుకు మూలం దాని చివరి ‘ఓమా’ అనుకుంటాను. కార్సినోమా, లింఫోమా లాంటి క్యాన్సర్ల పేర్లు విన్న చెవులకు ఓమా అంటేనే టెన్షన్. అది ఒక గ్రీకు ప్రత్యయం, అంతే. కంటి నరం దెబ్బతినే గ్లకోమాలో ఉంది, రెప్పల లోపల ఇన్‌ఫెక్షన్ అయిన ట్రకోమాలో ఉంది, దెబ్బ తగిలినచోట నెత్తురు గూడుకట్టే హెమటోమాలో ఉంది. వీటిలో ఏదీ క్యాన్సర్ కాదు. ఇక ముందున్న ‘గ్రాన్యులం’ లాటిన్లో చిన్న గింజ. కాబట్టి గ్రాన్యులోమా అంటే గింజలాంటి గడ్డ, ఆ మాటలో క్యాన్సర్ అన్న అర్థం ఎక్కడా లేదు.

‘కణిక’ అందామని కొందరంటారు. సంస్కృతంలో కణం అంటే గింజే, కణాదుడి పేరుకు గింజలు తిని బతికినవాడని చెబుతారు కూడా. అయితే ఇప్పుడు బడిపిల్లలకు కణం అంటే సెల్. పైగా గబగబా చెబితే కణిక కాస్తా కణితిలాగే వినిపిస్తుంది. నాకది నచ్చదు.

మీరు రాసిన ఉత్తరంలోనే మంచి మాట ఉంది, చూసుకున్నారా? ‘బిళ్ల కట్టింది’ అన్నారు. చిన్నప్పుడు నేను కుంటుతూ ఇంటికొస్తే మా నాయనమ్మ మోకాలు చూసేది కాదు, గజ్జల్లో వేలితో నొక్కి, “బిళ్ల కట్టిందిరా, కాలికి ముల్లు దిగింది, ఏదీ చూపించు” అని అరికాలు దీపం దగ్గరికి లాక్కునేది. ముల్లు ఎప్పుడూ అక్కడే ఉండేది. లోపల విరిగి ఉండిపోయిన ముల్లు చుట్టూ కొన్నాళ్లకు గట్టిగా కాయ కడుతుందే, అదీ గ్రాన్యులోమాయే.

ఈ ‘కట్టు’ అనే క్రియను కాస్త పట్టించుకోండి. గడ్డ కట్టడం, పొక్కు కట్టడం, జొన్న గింజ కట్టడం ఒకవైపు, గోడ కట్టడం ఇంకోవైపు. ఒంట్లో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. టీబీ క్రిమిలాంటి మొండి ఘటాన్ని మాక్రోఫేజ్‌లనే కణాలు మింగుతాయి గానీ అరిగించుకోలేవు. చంపడం చేతకానప్పుడు దాని చుట్టూ మూగి, ఒకదానికొకటి అతుక్కుని దడి కడతాయి. కొన్ని కలిసిపోయి రాక్షసకణాలవుతాయి, వాటిని 1868లో వర్ణించిన లాంగ్‌హాన్స్ పేరే వాటికి పెట్టారు. బయట లింఫోసైట్లనే తెల్లకణాలు వరస కడతాయి. టీబీలో నడిమధ్య భాగం చచ్చి విరిగిన పాలముద్దలా తయారవుతుంది. ట్యూబర్‌క్యులోసిస్ అన్న పేరు కూడా ఈ బుడిపెల మీద పెట్టిందే, ట్యూబర్‌క్యులం అంటే చిన్న బుడిపె. మనవాళ్లు మనిషి చిక్కిపోవడం చూసి క్షయ అన్నారు, మెడ చుట్టూ దండ వేసినట్టు బిళ్లలు కడితే గండమాల అన్నారు.

ఇక ‘మంట’. ఇన్‌ఫ్లమేషన్‌కి ఎరుపు, వాపు, వేడి, నొప్పి నాలుగూ లక్షణాలని పాత లెక్క. కానీ టీబీ బిళ్ల చాలాసార్లు నొప్పీ వేడీ లేకుండానే పెరుగుతుంది, అందులో చేరే చీముగడ్డను డాక్టర్లు చల్లగడ్డ అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. దాన్ని పట్టుకుని మంట అంటే ఎలా? వాపు అనండి. నా ఓటు ‘గింజ కట్టిన వాపు’కి.

ఒక జాగ్రత్త. ఆ మాట ఒంట్లో జరుగుతున్న పనిని చెబుతుంది గానీ జబ్బు పేరు చెప్పదు. మన దేశంలో ముందు అనుమానించేది టీబీనే. కుష్ఠులో కూడా ఇవి కడతాయి, పచ్చిపాల ద్వారా పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లోసిస్‌లో, పిల్లి గీరితే వచ్చే జ్వరంలో, కొన్ని ఫంగస్ జబ్బుల్లో కూడా. సార్కాయిడోసిస్ అనే జబ్బులో అయితే ఏ క్రిమీ దొరకదు. అందుకే ఇంకొన్ని పరీక్షలు రాస్తారు, రాస్తే కంగారు పడొద్దు.

మీ అమ్మగారితో ఇలా చెప్పండి: “అమ్మా, నీ మెడలోది గింజ కట్టిన వాపు. లోపలికొచ్చిన దాని చుట్టూ నీ ఒళ్లే దడి కట్టింది. అదేమిటో డాక్టరుగారు తేలుస్తారు. టీబీ అయితే మామూలుగా ఆరు నెలలు, ఒక్కరోజు కూడా మానకుండా మందులేసుకోవాలి.” రిపోర్టులో మాత్రం ఆ ఇంగ్లీషు మాటను అలాగే ఉంచి తీసుకెళ్లండి, డాక్టరుగారికి కావలసింది అదే.