రెండు సర్వర్లు, ఇద్దరు ప్రైమరీలు

ప్రశ్న: మా దగ్గర రెండు సర్వర్లున్నాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ స్ట్రీమింగ్ రెప్లికేషన్ (అసలు సర్వర్ ప్రైమరీలో రాసింది వెంటవెంటనే కాపీ సర్వర్ స్టాండ్‌బైకి చేరడం) బాగానే నడుస్తోంది. ప్రైమరీ పింగ్‌కి పలక్కపోతే స్టాండ్‌బైని ప్రమోట్ చేసే, అంటే దాన్నే ప్రైమరీగా మార్చే చిన్న స్క్రిప్ట్ రాసి పెడదామనుకుంటున్నాను. సరిపోతుందా?

జవాబు: ఆ స్క్రిప్ట్ నేనూ రాశానండీ. ఇరవై లైన్లు కూడా లేదు, చూసుకుని తెగ మురిసిపోయాను. ఓ రాత్రి మధ్యలో ఉన్న స్విచ్ నిమిషంన్నర మొరాయించింది. ప్రైమరీ నిక్షేపంగానే ఉంది, స్టాండ్‌బైకే అది కనబడలేదు. పోయిందనుకుని ఇది గద్దెనెక్కేసింది. తెల్లారి చూస్తే ఆర్డర్ల టేబుల్లో 48211 నంబరు రెండు చోట్లా ఉంది: అక్కడో కస్టమరు, ఇక్కడో కస్టమరు. చేత్తో సరిచేసేసరికి రెండు రోజులు పట్టింది. స్ప్లిట్ బ్రెయిన్ అంటే ఇదే.

తప్పు స్క్రిప్టుది కాదు. ఉన్నది ఇద్దరే అయితే, అవతలివాడు పోయాడో, మధ్యలో లైను పోయిందో ఎవరికీ తెలీదు. మూడో ఓటు కావాలి. అందులో డేటాబేస్ అక్కర్లేదు, చిన్న మెషీన్ చాలు. మూడింట్లోనూ ఎట్‌సీడీ (ఓట్లు లెక్కపెట్టి ప్రైమరీ ఎవరో గుర్తుంచుకునే చిన్న స్టోర్) పెట్టి, ఫెయిలోవర్, అంటే ప్రైమరీ పోతే స్టాండ్‌బైని గద్దెనెక్కించే పని, ప్యాట్రోనీ అనే టూల్‌కి వదిలేయండి. అవతలివాళ్లతో సంబంధం తెగి మెజారిటీ పోగొట్టుకున్న ప్రైమరీ తనంతట తనే దిగిపోతుంది. ఆ మూడోదాన్ని మాత్రం ఈ రెండిట్లో ఒకదాని మీద వర్చువల్ మెషీన్‌గా పెట్టకండి. ఆ సర్వర్ పోతే రెండు ఓట్లూ ఒకేసారి పోతాయి.

మూడో మెషీన్ దొరకదంటారా, ఆటోమేటిక్ మానేయండి. ఫోన్ మోగితే లేచి, పాత ప్రైమరీ పవర్ తీసేశాకే స్టాండ్‌బైని ప్రమోట్ చేయండి. అర్ధరాత్రి పది నిమిషాల టెన్షన్, అంతే. పాతదాన్ని మళ్లీ నేరుగా స్టార్ట్ చేయకండి, పీజీ రివైండ్‌తో (దారి తప్పిన పాత సర్వర్ని కొత్తదానితో సరిపోల్చి వెనక్కి తెచ్చే పోస్ట్‌గ్రెస్ టూల్) కొత్తదాని వెనక స్టాండ్‌బైగా చేర్చండి. దానికి డేటా చెక్‌సమ్స్ గానీ, వాల్ లాగ్ హింట్స్ (wal_log_hints) సెట్టింగ్ గానీ ముందే ఆన్ చేసి ఉండాలి.

మీరు అడగలేదు గానీ, రెప్లికేషన్ స్లాట్ (స్టాండ్‌బై అందుకునేదాకా లాగ్ ఫైళ్లు చెరిపేయకుండా ఉంచేది) వాడుతున్నారా? స్టాండ్‌బై రెండు రోజులు పడుకుంటే ఆ లాగ్ ఫైళ్లు, అంటే మార్పులు రాసుకునే వాల్ ఫైళ్లన్నీ, ప్రైమరీ మీద పేరుకుపోతాయి, డిస్క్ నిండితే అదీ ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి దీనికి హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది, పెట్టుకోండి.

టెస్ట్ చేసేటప్పుడు సర్వర్ షట్‌డౌన్ చేసి ఊరుకోకండి. నెట్‌వర్క్ కేబుల్ పీకి చూడండి. నా స్క్రిప్ట్ ఆ మొదటి టెస్ట్ ఎప్పుడూ పాసయ్యేది.