ప్రతి కట్టడానికీ ఒక వాక్యం: యువ పాఠ్యరచయితకు లేఖ

ప్రియ మిత్రమా,

ప్రసిద్ధ కట్టడాలను ఇంగ్లీషులో వర్ణించడం నేర్పేందుకు మీరు రాసిన ఆరు పాఠాలూ రెండేసిసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా, రెండోసారి పెన్సిలు చేతబట్టుకుని చదివాను. తారీఖులు, కొలతలు, పేర్లు అన్నీ శ్రద్ధగా సరిచూసుకుని రాశారని తెలుస్తూనే ఉంది. అయినా ఈ పాఠాలు పూర్తిచేసిన విద్యార్థి ఒక కట్టడం ముందు నిలబడి, పక్కనున్న మనిషికి దాని గురించి నాలుగు మాటలు సొంతంగా చెప్పగలడా అని ఆలోచిస్తే నాకు అనుమానంగానే ఉంది. ఎందుకో వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ ఆరు పాఠాలదీ ఒకటే అచ్చు. ముందు ఒక ఫోటో, దాని కింద పదిహేను పదాల పట్టిక, తరువాత ఒక పేరా, చివర ఖాళీలు పూరించే అభ్యాసం. తాజ్‌మహల్ పోయి ఈఫిల్ టవర్ వస్తుంది, పాలరాయి పోయి ఇనుము వస్తుంది, తక్కినదంతా మారకుండా అలాగే ఉంటుంది. ఇది ఫలానా నగరంలో ఉంది, ఫలానా సంవత్సరంలో కట్టారు, ఎత్తు ఇంత, చూడటానికి చాలా అందంగా ఉంటుంది. కట్టడాలు ఆరు మారినా విద్యార్థికి దక్కిన ఇంగ్లీషు మాత్రం మొదటి పాఠం దగ్గరే ఆగిపోయింది.

ఇన్నేళ్లుగా పాఠాలు రాసి, తిరగరాసి నేను గ్రహించింది ఒకటే. ఒక్కొక్క కట్టడం తన గురించి చెప్పడానికి ఒక్కొక్క రకం వాక్యాన్ని అడుగుతుంది. ఆ వాక్యం చేతిలో లేకపోతే ఆ కట్టడంలోని అసలు విశేషం నోట రాదు. పాఠం రాసేవారు ముందుగా వెతకవలసింది ఆ వాక్యం కోసమే. పదాలు, కొలతలు, తారీఖులు దాని వెంట వాటంతటవే వస్తాయి.

పీసా గోపురాన్నే తీసుకోండి. మీ మూడో పాఠంలో అది ‘ఇటలీలోని ప్రసిద్ధమైన వాలు గోపురం’ అన్న ఒక్క ముక్కతో సరిపోయింది. దాని చరిత్ర చూడండి. 1173లో పని మొదలైంది. మూడో అంతస్తు దాకా లేచేసరికి, ఒక వైపు నేల మరీ మెత్తగా ఉండటంతో, కట్టడం ఒరగడం మొదలుపెట్టింది. యుద్ధాల వల్ల దాదాపు వందేళ్లు పని ఆగిపోయింది. అలా ఆగడమే మేలయిందని, ఆ వ్యవధిలో కింది మట్టి గట్టిపడబట్టే అది నిలిచిందని, పని ఆపకుండా కొనసాగించి ఉంటే అప్పుడే కూలిపోయేదని ఇంజనీర్లు చెబుతారు. తరువాత వచ్చిన మేస్త్రీలు ఒరుగును సరిదిద్దాలనే ఉద్దేశంతో పై అంతస్తులను ఒక వైపు కాస్త ఎత్తుగా కట్టారు. అందువల్ల ఆ గోపురం ఒరిగి ఉండటమే కాదు, కొద్దిగా వంపు తిరిగి కూడా ఉంటుంది. 1990లో సందర్శకుల రాకను నిలిపివేసి, ఎత్తుగా ఉన్న వైపు పునాది కింది మట్టిని కొద్దికొద్దిగా తీసి, ఒరుగును తగ్గించి, 2001లో మళ్లీ తెరిచారు.

ఇందులో ఏ సంగతి చెప్పాలన్నా విద్యార్థికి కారణాన్నీ ఫలితాన్నీ కలిపే వాక్యాలు కావాలి. ‘బికాజ్’, ‘సో’, ‘ఇన్ ఆర్డర్ టు’ లేకుండా ఈ కథ ఒక్క అడుగు కూడా సాగదు. ‘ఇఫ్ ద వర్క్ హ్యాడ్ నాట్ స్టాప్డ్, ద టవర్ వుడ్ హ్యావ్ ఫాలెన్’ వంటి వాక్యం వ్యాకరణ పుస్తకంలో మూడో రకం షరతు వాక్యంగా కనబడినప్పుడు విద్యార్థులు బెదిరిపోతారు. పీసా కథ విన్నవారు మాత్రం ‘ఆపకపోయి ఉంటే పడిపోయేది’ అని తెలుగులో తమంతట తామే అంటారు, ఆ వెంటనే దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలని అడుగుతారు. అలా అడిగించగలిగితే ఆ రూపం వారికి గుర్తుండిపోతుంది.

బార్సిలోనాలోని సగ్రాడా ఫమీలియా చర్చి ఇంకో రకమైన వాక్యాన్ని అడుగుతుంది. దాని పని 1882లో మొదలైంది. మరుసటి ఏడాది బాధ్యత తీసుకున్న వాస్తుశిల్పి గౌడీ 1926లో చనిపోయేనాటికి చాలా భాగం మిగిలే ఉంది, ఈనాటికీ పని సాగుతూనే ఉంది. ‘దే హ్యావ్ బీన్ బిల్డింగ్ ఇట్ సిన్స్ 1882’ అనే వాక్యానికి ఇంతకన్నా మంచి సందర్భం నాకు దొరకలేదు. గీజాలోని మహా పిరమిడ్ మొదట దాదాపు 146 మీటర్లు ఉండేది, ఇప్పుడు 138 మీటర్ల చిల్లర ఉంది, 3,800 ఏళ్ల పాటు ప్రపంచంలో మనుషులు కట్టినవాటన్నిటిలోకీ అదే ఎత్తైనది. ఇక్కడ ‘యూజ్డ్ టు బి’ తప్పనిసరి. ఈఫిల్ టవర్‌ను 1889 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారు. అనుమతి ఇరవై ఏళ్లకే ఉంది, ఆ తరువాత విప్పేయవలసి ఉండగా రేడియో ప్రసారాలకు పనికొచ్చి బతికిపోయింది. ‘వాజ్ సపోజ్డ్ టు’ అని మొదలుపెట్టి ‘బట్ ఇట్ ఈజ్ స్టిల్ స్టాండింగ్’ అని ముగించే ఆ వాక్యంలోనే దాని జీవితమంతా ఉంది. మీ పాఠంలో ఉన్న 330 మీటర్ల ఎత్తు సరైనదే. అయితే 2022లో కొత్త యాంటెన్నా అమర్చాకే అది ఆ ఎత్తుకు చేరింది. ఎత్తు కూడా మారుతుందని తెలిస్తే విద్యార్థికి ఆ అంకె కంఠస్థం చేయవలసిన విషయంగా కాక చెప్పుకోదగిన విషయంగా తోస్తుంది.

తాజ్‌మహల్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తెలుగువారు ఇంగ్లీషులో తడబడే చోట్లన్నీ అక్కడ ఒకేసారి ఎదురవుతాయి. షాజహాన్ తాజ్‌మహల్ ‘కట్టించాడు’ అంటాం, ‘కట్టాడు’ అనం. కట్టించినవారు వేరు, కట్టినవారు వేరు అనే తేడా మన క్రియలోనే ఉంది. ఇంగ్లీషులో ‘షాజహాన్ బిల్ట్ ద తాజ్‌మహల్’ అన్నా తప్పు లేదు గాని ఆ తేడా అందులో కనిపించదు. కావాలంటే ‘హ్యాడ్ ఇట్ బిల్ట్’ అనాలి, లేదా ‘కమిషన్డ్’ అనే మాట తెచ్చుకోవాలి. రూపకల్పన చేసిన ప్రధాన శిల్పిగా ఉస్తాద్ అహ్మద్ లాహోరీ పేరు చెబుతారు, రాళ్లు చెక్కి పేర్చినవారు వేల మంది. ‘కమిషన్డ్ బై’, ‘డిజైన్డ్ బై’, ‘బిల్ట్ బై’ అనే మూడు మాటలను ఈ మూడు రకాల మనుషులకు అంటగట్టి చూపిస్తే, వాటిని ఒకదానికొకటి పర్యాయపదాలుగా రాసే అలవాటు తొలగిపోతుంది.

కర్మణి వాక్యాన్ని, అంటే ‘పాసివ్ వాయిస్’ను నేర్పేటప్పుడు ‘కట్టబడింది’ అని అనువాదం చేసి చూపించారు. దయచేసి అది తీసేయండి. ఆ మాట తెలుగులో ఎవరూ మాట్లాడరు, కాబట్టి దాని ద్వారా ఇంగ్లీషుకు వెళ్లే దారి కూడా ఎవరికీ తెలియదు. మనం ‘1632లో పని మొదలుపెట్టారు’ అంటాం. ఎవరు మొదలుపెట్టారో చెప్పం, వినేవారూ అడగరు. ఆ ఎవరో తెలియని ‘ఆరు’ ప్రత్యయం ఉన్న చోటల్లా ఇంగ్లీషులో ‘వాజ్ బిల్ట్’, ‘వాజ్ స్టార్టెడ్’ పెట్టవచ్చునని చెప్పి చూడండి. విద్యార్థికి ఒక్కసారిగా దారి కనబడుతుంది, ఎందుకంటే ఆ ప్రయోగం అతనికి చిన్నప్పటి నుంచీ తెలిసినదే.

అలాగే ‘1983 నుంచి తాజ్‌మహల్ ప్రపంచ వారసత్వ కట్టడంగా ఉంది’ అనే వాక్యంలో మనకు ‘ఉంది’ చాలు. అందుకే విద్యార్థులు ‘ఈజ్’ అని రాస్తారు, ‘హ్యాజ్ బీన్’ అని రాయరు. ‘330 మీటర్ల గోపురం’ అని మనం బహువచనంలో అంటాం కాబట్టి ‘త్రీ హండ్రెడ్ అండ్ థర్టీ మీటర్స్ టవర్’ అని రాస్తారు. నామవాచకం ముందు వచ్చినప్పుడు అక్కడ ‘మీటర్’ ఏకవచనంగానే ఉంటుంది, ‘మీటర్స్ టాల్’ అన్నప్పుడే ‘స్’ వస్తుంది. ఎత్తైన భవనం ‘టాల్’, ఎత్తైన పైకప్పు ‘హై’, మనకు రెండూ ఎత్తే. టవర్‌నూ, చర్చి మీది మొనదేలిన స్టీపుల్‌నూ, కొందరి నోట డోమ్‌ను కూడా, మనం గోపురం అనే ఒక్క మాటతో చెప్పుకుంటాం. ఇలాంటి చోట్లను మీ పాఠం ముందే పసిగట్టాలి. ‘ద’ ఎక్కడ పెట్టాలన్న విషయం మీద మాత్రం పేజీ వృథా చేయకండి. ద తాజ్‌మహల్, ద ఈఫిల్ టవర్ అంటారు, బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు ‘ద’ ఉండదు. ఇలాంటివి పేరుతో పాటు వినివినే వస్తాయి.

ఇక పదాల పట్టిక సంగతి. చాలా ఏళ్ల కిందట సిడ్నీ ఆపెరా హౌస్ మీద నేనూ మీలాగే పట్టికతో మొదలయ్యే పాఠం రాశాను. ఆ పాఠం చెబుతుండగా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను. పైకప్పు తెల్లగా, తెరచాపల్లా ఉంటుందని అందరూ ఒకే గొంతుతో చెప్పారు. ఇంతలో ఉపాధ్యాయురాలు తన దగ్గరున్న మరో ఫోటో చూపించారు. అది పైకప్పును చాలా దగ్గరగా తీసిన ఫోటో. ఒక అమ్మాయి లేచి ‘నాట్ వైట్’ అంది, ఆ తరువాత ఆగిపోయింది. ఆమె చెప్పింది నిజమే. దగ్గరికి వెళితే ఆ పైకప్పు మీద రెండు రకాల పెంకులు కనబడతాయి: మెరిసే తెల్లనివి, మెరుపు లేని మీగడ రంగువి. పది లక్షలకు పైగా పెంకులను అలా కలిపి పేర్చడం వల్లే దూరానికి అది కళ్లు చెదరకుండా తెల్లగా కనిపిస్తుంది. ఆ అమ్మాయికి తేడా కనబడింది. కాని ‘ఫ్రమ్ ఎ డిస్టెన్స్’, ‘అప్ క్లోజ్’, ‘గ్లాసీ’, ‘మ్యాట్’ అనే నాలుగు మాటలు లేకపోవడంతో నిలబడిపోయింది. నా పట్టికలో పద్దెనిమిది పదాలున్నాయి, వాటిలో ఈ నాలుగూ లేవు. పదం అవసరం పడ్డాక అందించాలి తప్ప ముందుగా పోగేసి పెట్టకూడదని నాకు ఆ రోజే అర్థమైంది.

ఆ అమ్మాయి వల్ల ఇంకొకటి కూడా తెలిసింది. వర్ణించే మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో మీ పేరాల్లో ఎక్కడా లేదు. ఒక వాక్యంలో ఆకాశం నుంచి చూస్తున్నట్టు, తరువాతి వాక్యంలో లోపలి గదిలో ఉన్నట్టు, ఆపై చరిత్ర పుస్తకం తెరిచినట్టు ఉంటుంది. విద్యార్థిని ఒక చోట నిలబెట్టండి. రోమ్‌లోని పాంథియన్ అనే పురాతన ఆలయం లోపల, గుమ్మటం సరిగ్గా నడుమ ఉన్న గుండ్రటి రంధ్రం కింద నిలబెట్టండి. తలెత్తితే ఆకాశం, వాన పడితే నీళ్లు నేరుగా నేల మీదికే, ఆ నీళ్లు పోవడానికి నేల కాస్త వాలుగా, సన్నని రంధ్రాలతో ఉంటుంది. గుమ్మటం వెడల్పు 43 మీటర్ల చిల్లర, నేల నుంచి ఆ రంధ్రం దాకా ఎత్తు కూడా అంతే. ‘అబవ్ యూ’, ‘అండర్ యువర్ ఫీట్’, ‘యాజ్ హై యాజ్ ఇట్ ఈజ్ వైడ్’ అనే మాటలు అక్కడ నిలబడ్డవారికి వెంటనే అవసరమవుతాయి.

‘బ్యూటిఫుల్’ అనే మాట మీ ఆరు పాఠాల్లో పదకొండు చోట్ల ఉంది. ఆ మాట రాసిన ప్రతి చోటా మిమ్మల్ని అంత ఆకట్టుకున్నది ఏమిటో అడుగుతూ ఒక ప్రశ్న పెట్టండి. తాజ్‌మహల్ నాలుగు మినార్లూ కొద్దిగా బయటికి వంగి ఉంటాయి, కూలితే సమాధి మీద పడకుండా అవతలికి పడాలని అలా కట్టారంటారు. లోపల ముంతాజ్ స్మారక శిల సరిగ్గా మధ్యలో ఉంటుంది. తరువాత పక్కన చేర్చిన షాజహాన్ శిల ఒక్కటే ఆ కట్టడపు సమతూకాన్ని చెదరగొట్టింది. ‘ఎవ్రీథింగ్ ఈజ్ సిమెట్రికల్ ఎక్సెప్ట్’ అని మొదలుపెట్టిన విద్యార్థి ఆ వాక్యాన్ని తనే ముగిస్తాడు, అతనికి ‘బ్యూటిఫుల్’ అవసరం రాదు.

అభ్యాసాలుగా ఖాళీలు పూరించడం తగ్గించి, ఇద్దరిద్దరిని ఎదురుబదురుగా కూర్చోబెట్టండి. ఒకరి దగ్గరే ఫోటో ఉండాలి. కట్టడం పేరు చెప్పకుండా వారు వర్ణిస్తుంటే రెండోవారు విని బొమ్మ గీయాలి. గుమ్మటం మీద గీయవలసిన కలశం పక్కన పడిందంటే ‘ఆన్ టాప్ ఆఫ్’కూ ‘నెక్స్ట్ టు’కూ మధ్య ఎక్కడో పొరపాటు జరిగిందని ఇద్దరికీ తెలిసిపోతుంది, ఉపాధ్యాయుడు ఎర్ర సిరా పట్టనవసరం లేదు. ఈ అభ్యాసానికి పాఠంలో రెండు పేజీలైనా కేటాయించండి, ఆ చోటు కోసం చివరి పేరా తీసేసినా నష్టం లేదు.

తిరగరాయడం మూడో పాఠంతో మొదలుపెట్టండి. పీసా గోపురం ఎక్కడుందనే మొదటి ప్రశ్న తీసేసి, పైనున్న గంటల గది కింది అంతస్తులతో సమానంగా ఒరిగి ఉందా లేదా ఫోటోలో చూసి చెప్పమనండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి విద్యార్థికి ఏయే మాటలు కావాలో రాసి, పాఠం కన్నా ముందు ఆ కాగితం నాకు పంపండి.

మీ శ్రేయోభిలాషి